అడిగినవారికి చెప్పడం

2025 పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు ఫ్రాన్స్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య కొన్ని లెక్కలు ప్రకటించింది. ఆ ఏడాది పాస్కా జాగరణలో దేశం మొత్తం మీద 10,384 మంది పెద్దలు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందబోతున్నారని, అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఇది 45 శాతం ఎక్కువని, వారిలో నలభై శాతానికి మించి 18 నుంచి 25 ఏళ్ల లోపు యువతీయువకులేనని అందులో ఉంది. వీరు కాక హైస్కూలు వయసు పిల్లలు మరో 7,400 మందికి పైగా ఉన్నారు. ఈ వార్త గుంటూరు వైపున్న మా బంధువుల వాట్సాప్ గ్రూపుకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మా బాబాయి దాని కింద ఇలా రాశారు: "చూశావా అబ్బాయ్, దేవుణ్ణి బయటికి గెంటిన దేశమే ఇప్పుడు మళ్లీ రమ్మంటోంది. ఇంక మీరు అక్కడ నోరు మూసుకుని కూర్చోకూడదు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి చెప్పండి."

బాబాయి మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. మా తాతగారు పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారు. గురువు (ఫాదరు) నెలకో రెణ్ణెల్లకో వచ్చే ఊళ్లలో ఆదివారం ప్రార్థన నడిపించి, పిల్లలకు జపాలు నేర్పి, చావుకీ పెళ్లికీ ముందు నిలబడ్డ మనిషి ఆయన. ఆ ఇంట్లో పుట్టినవారికి విశ్వాసాన్ని పంచుకోవాలన్న తపన ఉండడంలో వింత లేదు. కానీ నేను ప్యారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న శివారులో ఉంటూ, మా విచారణలో (ఒక గుడి కిందికి వచ్చే విశ్వాసుల సంఘంలో) జ్ఞానస్నానానికి సిద్ధపడే పెద్దల బృందానికి సాయం చేస్తున్నాను కాబట్టి, ఆ లెక్కల వెనక ఉన్న మనుషుల్లో కొందరిని దగ్గరగా చూశాను. కూడలిలో ఎవరో చెప్పగా విని వచ్చానన్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. వాళ్లందరికీ ఏదో ఒక ప్రశ్న ముందే ఉంది. ఆ ప్రశ్నతో కొంతకాలం ఒంటరిగా తిరిగి, చివరికి అడగదగిన మనిషి దొరికినప్పుడు అడిగారు.

కాబట్టి ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇది. మతం ఊసెత్తడమే మర్యాద కాదనుకునే సమాజంలో విశ్వాసాన్ని పంచుకోవడం ఎదుటివారి ప్రశ్నతో మొదలవుతుంది. ఎదుటివారికి మనల్ని అడగాలనిపించేలా బతకడం, అడిగిన రోజున తప్పించుకోకుండా జవాబు చెప్పడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి. వీటిలో రెండోదే కష్టమని నా అభిప్రాయం.

ముందుగా ఒక హెచ్చరిక. ఆ పదివేల సంఖ్యను చూసి ఫ్రాన్స్ మళ్లీ కతోలిక దేశమైపోతోందని అనుకోకూడదు. ఈ శతాబ్దం మొదట్లో ఏటా జరిగిన శిశు జ్ఞానస్నానాలతో పోలిస్తే ఇప్పుడు జరుగుతున్నవి దాదాపు సగం. పల్లెల్లో పదీ ఇరవై గుళ్లకు ఒకే గురువు ఉన్నచోట్లు చాలా ఉన్నాయి, ఆ గురువు కూడా తరచుగా ఆఫ్రికా నుంచో మన దేశం నుంచో వచ్చినవారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే విశ్వాసం తగ్గిపోతుంటే, ఎవరి నుంచీ వారసత్వంగా అందని మనుషులు కొందరు సొంతంగా వెతుక్కుంటూ వస్తున్నారు. సంఖ్యలో ఈ రెండోది మొదటిదాన్ని పూడ్చలేదు. అయినా ఆలోచించవలసింది ఈ రెండోదాని గురించే.

చట్టం ఎవరిని కట్టడి చేసింది?

ఇక్కడి కతోలికుల్లో చాలామంది, ముఖ్యంగా మనలా వలస వచ్చినవారు, మతాన్ని రాజ్యం నుంచి వేరుచేసిన 1905 చట్టం తమను మాట్లాడకుండా ఆపుతోందని అనుకుంటారు. 1905 డిసెంబరు 9 నాటి ఆ చట్టంలోని మొదటి అధికరణం రిపబ్లిక్ అంతఃకరణ స్వేచ్ఛకు భరోసా ఇస్తుందని, ప్రజాశాంతికి భంగం లేనంతవరకు ఆరాధనా స్వేచ్ఛకు పూచీ పడుతుందని చెబుతుంది. రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు, ఏ మతానికీ జీతాలూ విరాళాలూ ఇవ్వదు అన్నది రెండో అధికరణం. అంటే ఆ చట్టం కట్టడి చేసింది రాజ్యాన్ని, ప్రభుత్వం తరఫున పనిచేసేవారిని. నాలాంటి ప్రైవేటు కంపెనీ ఉద్యోగి భోజనాల బల్ల దగ్గర తన విశ్వాసం గురించి మాట్లాడితే చట్టం అడ్డురాదు. అడ్డువచ్చేది అలవాటు, మొహమాటం, అందరిలోనూ వేరుగా కనిపిస్తామన్న బెరుకు.

అప్పట్లో పోప్ పదో పయస్ ఆ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఆస్తుల స్వాధీనంలో, మఠాల మూసివేతలో జరిగిన అన్యాయాలు తెలిసినవారు ఆ ఖండనను తప్పుపట్టలేరు. కానీ నూట ఇరవై ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, అధికారం పోవడం వల్ల శ్రీసభ (కతోలిక సంఘం) మాటకు ఒక కొత్త స్వచ్ఛత వచ్చిందని నాకనిపిస్తుంది. ఈ దేశంలో జ్ఞానస్నానం పొందితే ఉద్యోగం రాదు, పరపతి పెరగదు, సాటివారిలో గౌరవం పెరగకపోగా కొన్నిచోట్ల తగ్గుతుంది. అందువల్ల గుడి తలుపు తట్టే మనిషి ఎందుకు వచ్చాడన్న అనుమానం ఎవరికీ కలగదు. మన రాష్ట్రాల్లో మతం మారడమంటే కులం, ఊరు, ఓటు, రిజర్వేషన్ అన్నీ దానిలో చిక్కుకుని ఉంటాయి. చెప్పేవాడు ఎంత నిజాయితీగా చెప్పినా వినేవారిలో కొందరికి అది తమ సమూహం మీద దాడిలా వినిపిస్తుంది. ఆ చిక్కుముడి ఇక్కడ లేదు.

అయితే ఇక్కడి చిక్కు మరొకటి. జనానికి కోపం లేదు, ఆసక్తీ లేదు. మోక్షారోహణ పండుగకు, మరియమాత మోక్షారోపణ పండుగకు, సకల పునీతుల పండుగకు దేశమంతా సెలవు తీసుకుంటుంది, కానీ ఆ రోజు ఏమిటో అడిగితే చెప్పలేనివారు ఎందరో. జనవరి వచ్చిందంటే ముగ్గురు రాజుల పండుగ పేరుతో బాదం ముద్ద కూరిన గుండ్రటి రొట్టెను ప్రతి ఆఫీసులోనూ కోస్తారు. మా ఆఫీసులో ఒకసారి ఇంటర్న్‌గా వచ్చిన అమ్మాయి కాగితపు కిరీటం నెత్తిన పెట్టుకుని, "ఇంతకీ ఏ రాజులు?" అని మామూలుగా అడిగింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నావైపు చూశారు, నేను గుడికి వెళతానని వాళ్లకు తెలుసు. తూర్పు దేశాల నుంచి జ్ఞానులు ఒక నక్షత్రాన్ని చూసి బయలుదేరారని, రాజభవనంలో వెతికితే దొరకని శిశువు ఒక మామూలు ఇంట్లో దొరికాడని, వాళ్లు వేరే జాతివాళ్లు కాబట్టి ఆ శిశువు అందరికీ చెందినవాడని మేము నమ్ముతామని చెప్పాను. "బావుంది, నాకు తెలీదు" అంది. మాట వేరే విషయం మీదికి వెళ్లింది. అక్కడ అంతకంటే ఎక్కువ చెప్పి ఉంటే అది ఆమె అడిగినదానికి జవాబు అయ్యేది కాదు. ఏమీ చెప్పకుండా నవ్వి ఊరుకుని ఉంటే, తన విశ్వాసం గురించి రెండు వాక్యాలు చెప్పడానికి కూడా ఇష్టపడని మనిషిగా మిగిలేవాణ్ణి.

ఇవ్రీలో ఒక స్త్రీ

నేనుండే చోటికి దగ్గర్లోనే ఇవ్రీ అనే పట్టణం ఉంది. 1933లో మడలిన్ డెల్‌బ్రెల్ అనే యువతి ఇద్దరు స్నేహితురాళ్లతో అక్కడ కాపురం పెట్టింది. 1904లో పుట్టిన ఆమె యౌవనారంభంలో పక్కా నాస్తికురాలు. దేవుడు చచ్చిపోయాడు కాబట్టి చావుకే జేజేలు అని పదిహేడేళ్ల వయసులో రాసుకుంది. తనలాగే చదువుకుని, తనలాగే నాట్యాలూ చర్చలూ ఇష్టపడే కొందరు క్రైస్తవ యువకులతో పరిచయం ఆమెను కదిలించింది. దేవుడు లేడని తాను ఎంత ఖాయంగా అనుకుంటోందో, ఆయన లేకుండా బతకలేమని వాళ్లు అంత మామూలుగా బతుకుతున్నారు. వాళ్లు నమ్ముతున్నది నిజం కావడానికి అవకాశం ఉందేమో చూద్దామని ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. 1924లో విశ్వాసంలోకి వచ్చింది.

ఇవ్రీ అప్పటికే కమ్యూనిస్టుల పురపాలక సంఘం ఉన్న కార్మికుల ఊరు. అక్కడ గుడికి వెళ్లేవారూ పార్టీవారూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. ఆమె సామాజిక కార్యకర్తగా ఉద్యోగం చేస్తూ, యుద్ధకాలంలో ఆ ఊరి సహాయ కార్యక్రమాలను సమన్వయపరిచి, పార్టీవారితో భుజం కలిపి పనిచేసింది. వాళ్లతో స్నేహాన్ని వదలలేదు, దేవుణ్ణి కాదనమనే సిద్ధాంతంలోకి వెళ్లనూ లేదు. 1964లో చనిపోయేవరకు ఆమె ఇంటి తలుపు ఎవరికైనా తెరిచే ఉండేది. దేవుడు లేడనే మనుషుల మధ్య బతకడం మన సొంత మారుమనసుకు అనుకూలమైన పరిస్థితి అన్నది ఆమె చివరి రోజుల్లో గట్టిగా చెప్పిన మాట. నేను చదివినవాటిలో ఈ ఆలోచనంత పని చేసింది మరొకటి లేదు. నాస్తికుడైన పొరుగువాడు నాకు అందవలసిన లక్ష్యం కాదు. నేను అలవాటుగా వల్లించేవాటిలో ఏది నిజంగా నమ్ముతున్నానో తేల్చుకోమని అతను తన ఉనికితోనే నన్ను అడుగుతున్నాడు.

ఇవ్రీ కథ జరుగుతున్న రోజుల్లోనే, 1943లో, ఇద్దరు గురువులు ఫ్రాన్స్ కూడా వేదవ్యాపక క్షేత్రమేనా (సువార్తను కొత్తగా ప్రకటించవలసిన దేశమేనా) అని ప్రశ్నిస్తూ పుస్తకం రాశారు. మరుసటి ఏడాది ప్యారిస్ కార్డినల్ స్యుహార్ కార్మిక వాడల కోసం ప్రత్యేక మిషన్ ప్రారంభించారు. గురువులు ఫ్యాక్టరీల్లో కూలీలుగా చేరారు. 1954లో రోమ్ ఆ ప్రయోగాన్ని ఆపింది, రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ పీఠాధిపతుల సమావేశం) ముగిసిన 1965లో మళ్లీ అనుమతించింది. ఆ చరిత్రలో వివాదాలు చాలా ఉన్నాయి, వాటిలోకి నేను పోను.

2022 మే 15న రోమ్‌లో ఒకే పూజలో పునీతులుగా ప్రకటింపబడినవారిలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడడం నాకు ఇష్టం. ఒకరు షార్ల్ ద ఫూకో. సైనికుడిగా, అన్వేషకుడిగా తిరిగి, 1886లో ప్యారిస్‌లోని పునీత అగస్టీను దేవాలయంలో మతం గురించి కొన్ని సందేహాలు తీర్చుకుందామని ఒక గురువు దగ్గరకు వెళ్లాడు. మోకరించి పాపసంకీర్తనం చెయ్యమన్నాడు (తన పాపాలు చెప్పుకోమన్నాడు) ఆ గురువు. ఆ తర్వాత సహారా ఎడారిలో తువారెగ్ ప్రజల మధ్య ఏళ్ల తరబడి బతికి, వాళ్ల భాషకు నిఘంటువు తయారుచేసి, వాళ్ల కవితలు సేకరించి, 1916 డిసెంబరు 1న హతుడయ్యాడు. ఆయన వల్ల మతం మారినవారు దాదాపు లేరు. రెండోవారు మన దక్షిణాదికి చెందిన దేవసహాయం పిళ్లై. తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి. పశువులూ పంటలూ పోయి కుంగిపోయి ఉన్నప్పుడు, 1741లో కొలచ్చల్ యుద్ధంలో పట్టుబడి తర్వాత ఆ రాజు సైన్యంలోనే పనిచేస్తున్న డిలనాయ్ అనే విదేశీయుడి దగ్గర మనసు విప్పాడు. డిలనాయ్ ఆయనకు, అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ణి వదలని బైబిలు మనిషి యోబు కథ చెప్పాడు. ఆ సంభాషణ నుంచి 1745లో జ్ఞానస్నానం, 1752లో వేదసాక్షి మరణం వచ్చాయి. చెప్పినవాడు యుద్ధఖైదీగా వచ్చినవాడు. అతని దగ్గర బెదిరించే బలమూ లేదు, ఆశచూపే ధనమూ లేదు. బాధలో ఉన్న స్నేహితుడు అడిగాడు, తనకు తెలిసినది చెప్పాడు.

బాబాయి చెప్పే అభ్యంతరం

ఇదంతా విన్నాక బాబాయి పునీత పౌలును అందుకున్నారు. ప్రకటించేవాడు లేకపోతే ఎలా వింటారు, వినకపోతే ఎలా నమ్ముతారు అని రోమీయులకు రాసిన లేఖ పదో అధ్యాయం. "నువ్వు చెప్పే పద్ధతిలో పౌలు కూర్చుని ఉంటే నువ్వూ నేనూ ఎక్కడుండేవాళ్లం?" అన్నారు ఫోనులో. ఇది బలమైన అభ్యంతరం. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి తెలుగు నేల మీదికి నడిచివచ్చిన ఫ్రెంచి జెస్విట్ గురువులు ఎవరూ పిలవకుండానే వచ్చారు. మనం ఈనాడు వల్లించే జపాలకు వాళ్ల కష్టంలో భాగముంది. అయితే ఆ గురువులు కూడా వచ్చీరాగానే కూడలిలో నిలబడలేదు. తెలుగు నేర్చుకున్నారు, సన్యాసుల కట్టుబొట్టు, శాకాహారం స్వీకరించారు. జనం వచ్చి మీరెవరని అడిగే స్థితికి ముందు తమను తాము తెచ్చుకున్నారు.

నా వైపు వాదనలో ఉన్న ప్రమాదం నాకు స్పష్టంగానే కనబడుతోంది. అడిగినప్పుడే చెబుతాను అనే మాట చాలా సులువుగా ఎప్పుడూ చెప్పకపోవడానికి సాకు అవుతుంది. ఎప్పుడూ సువార్తను ప్రకటించు, అవసరమైతే మాటలు వాడు అన్న వాక్యాన్ని అసిసీపుర ఫ్రాన్సిసు పేరుతో అందరం పంపుకుంటాం. ఆయన రచనల్లో ఆ వాక్యం ఎక్కడా లేదు. పైగా ఆయన జీవితమంతా నోరారా బోధించినవాడు. ఆరో పౌలు పోప్ 1975లో వెలువరించిన పత్రం నుంచి కూడా మనం ఒక సగమే గుర్తుపెట్టుకున్నాం. ఈనాటి మనిషి బోధకులకంటే సాక్షులను ఎక్కువగా వింటాడు, బోధకులను విన్నా వాళ్లు సాక్షులు కాబట్టే వింటాడు అన్నది అందరికీ తెలుసు. ఎంత మంచి సాక్ష్యమైనా దానికి కారణమేమిటో వివరించకపోతే కాలక్రమంలో నిష్ఫలమవుతుందని, నజరేతు యేసు పేరు, బోధ, జీవితం చెప్పనిచోట నిజమైన సువార్తా ప్రచారం లేదని అదే పత్రం చెబుతుంది. దాన్ని ఎవరూ ఎత్తరు.

అందుకే నేను పేతురు మొదటి లేఖ మూడో అధ్యాయం పదిహేనో వచనం దగ్గర ఆగుతాను. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగే ప్రతివారికీ జవాబు చెప్పడానికి ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండండి, అయితే సాత్వికంతో, గౌరవంతో చెప్పండి అని పేతురు అంటాడు. అధికారం ఏమీ లేని, చుట్టుపక్కలవారు అనుమానంగా చూసే చిన్న సమూహాలకు రాసిన లేఖ అది. మనం ఇక్కడ ఉన్న పరిస్థితికి దానికంటే దగ్గరగా ఉన్నది నాకు కనిపించలేదు. అందులో ఎదుటివారు అడగడమూ ఉంది, మనం సిద్ధంగా ఉండడమూ ఉంది. సిద్ధంగా ఉండడమంటే చదువుకుని ఉండడం. నిత్యజీవం అంటే ఏమిటి, పాపసంకీర్తనం మనిషి ముందు ఎందుకు, పూజలోని అప్ప ద్రాక్షారసాలను మీరు ఏమనుకుంటారు, ఈ ప్రశ్నలకు సొంత మాటల్లో ఐదు నిమిషాలు మాట్లాడలేని కతోలికులు మా విచారణలోనే కాదు, గుణదల కొండ ఎక్కేవారిలోనూ ఎక్కువే. పుట్టినప్పటి నుంచి తెలిసినదాన్ని మనకు ఎవరూ వివరించమని అడగలేదు.

శవపేటిక పక్కన

ఫ్రాన్స్‌లో గుడి గడప తొక్కనివారు కూడా గుడికి వచ్చే సందర్భం అంత్యక్రియలు. గురువులు తక్కువ కావడంతో చాలాచోట్ల శిక్షణ పొందిన గృహస్థులే (గురువులు కాని మామూలు విశ్వాసులే) పూజ లేకుండా ఆ ప్రార్థనను నడిపిస్తారు. నాతో పనిచేసే ఒకాయన అమ్మమ్మ చనిపోయినప్పుడు ఆమె కోరిక ప్రకారం గుడిలో ప్రార్థన పెట్టారు. ఆ కుటుంబంలో రెండు తరాలుగా జ్ఞానస్నానం పొందినవారు లేరు. రిటైరైన ఒక నర్సు ప్రార్థన నడిపించింది. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆమె ప్రతిసారీ అరచేతితో చిన్నగా సైగ చేసేది. చివర్లో అందరూ వరుసగా వచ్చి పేటిక మీద తీర్థం చిలకరించాలి, నమ్మనివారు ఊరికే చెయ్యి ఆనించి వెళ్లవచ్చు అని ముందే చెప్పింది. మావాడి వంతు వచ్చినప్పుడు అతను తీర్థపు బుడ్డిలోని ఇత్తడి పిడిని అందుకుని, ఏం చెయ్యాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. చుక్కలు అతని బూటు మీద పడ్డాయి. నర్సు వచ్చి చెయ్యి పట్టి చూపించలేదు, తొందర పెట్టలేదు. అతను చివరికి దాన్ని తర్వాతివారికి అందించి, పేటిక మీద రెండు చేతులూ పెట్టాడు.

తర్వాతి సోమవారం కాఫీ మెషీను దగ్గర అతను నన్ను అడిగాడు: "ఆ నీళ్లు చల్లేటప్పుడు మీరు నిజంగా ఏం జరుగుతోందని అనుకుంటారు?" చనిపోయినవారికి నీళ్లు ఏదో చేస్తాయని కాదు, ఆమెకు జ్ఞానస్నానంలో పోసిన నీళ్లను గుర్తుచేసుకుంటాం అన్నాను. ఆ రోజు ఆమెను తన బిడ్డగా తీసుకున్న దేవుడు ఇప్పుడు ఆమెను వదిలెయ్యడని, క్రీస్తు లేచినట్టే ఆమెనూ లేపుతాడని నేను నమ్ముతున్నాను అన్నాను. "మీరు నమ్ముతున్నారా, లేక అలా అనుకుంటే బావుంటుందనా?" అని రెట్టించాడు. నమ్ముతున్నాను అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు, గుడికీ రాలేదు. మేము ఇప్పటికీ కలిసి భోంచేస్తాం. అతను రాలేదు కాబట్టి నా జవాబు వృథా అయిందని నేను అనుకోను. అతను అడిగినది నిజాయితీగా అడిగాడు, దానికి నిజమైన జవాబు పొందడం అతని హక్కు.

ఆ నర్సు చేసినది ఇంకా గొప్ప పని. నమ్మనివారికి చెయ్యి ఆనించే దారి చూపించి, ప్రార్థనలో ఒక్క మాట కూడా తగ్గించకుండా, పునరుత్థానం గురించి పూర్తిగా చెప్పింది. గౌరవమూ స్పష్టతా ఒకదానికొకటి అడ్డం అనుకునేవారు ఆమెను చూడాలి.

అడిగే హక్కు వాళ్లకు, వినే బాధ్యత మనకు

ప్రశ్నలన్నీ అంత మృదువుగా ఉండవు. 2021 అక్టోబరులో జాన్-మార్క్ సోవే అధ్యక్షతన స్వతంత్ర కమిషన్ నివేదిక వచ్చింది. 1950 తర్వాత ఫ్రాన్స్‌లో గురువులు, మఠవాసుల చేతుల్లో లైంగిక హింసకు గురైన మైనర్ల సంఖ్య 2,16,000 ఉంటుందని, శ్రీసభ సంస్థల్లోని గృహస్థులను కూడా కలిపితే 3,30,000 వరకు ఉంటుందని ఆ కమిషన్ అంచనా వేసింది. ఆ వారంలో ఆఫీసులో ఒకామె నన్ను సూటిగా అడిగింది: "ఇది చదివాక కూడా ఆదివారం వెళతారా?"

దీనికి సిద్ధంగా పెట్టుకున్న జవాబు ఉండకూడదని నా అభిప్రాయం. మిగతా సంస్థల్లోనూ జరుగుతుంది అనడం, కొందరి తప్పు అనడం, మీడియా కుట్ర అనడం, ఈ మూడూ మన బంధువుల గ్రూపులో కనిపించాయి. మూడూ బాధితుడి ముఖం మీద తలుపు వెయ్యడమే. కమిషన్ అడిగింది ఎందరు చేశారనే కాదు, తెలిసినవారు ఎందుకు దాచారని కూడా. ఆ నవంబరులో లూర్దులో పీఠాధిపతులు సంస్థగా తమ బాధ్యతను ఒప్పుకుని, బాధితుల సమక్షంలో మోకరించారు. అది ఆలస్యంగా జరిగింది, అయినా జరగవలసినదే. నేను ఆమెకు చెప్పినది, వెళతానని, సిగ్గుతో వెళతానని, నేను నమ్మేది ఆ మనుషులను కాదు, వాళ్లు ఎవరికి ద్రోహం చేశారో ఆ క్రీస్తును అని. "అది మీకు సరిపోతుందేమో, నాకు సరిపోదు" అంది. ఆమెను ఒప్పించే మాట నా దగ్గర లేదు, ఉండాలని కూడా అనుకోను. విశ్వాసాన్ని పంచుకుంటాననేవాడు ముందు ఎదుటివారి కోపాన్ని మధ్యలో ఆపకుండా వినగలగాలి. అది చేతకానివారు సువార్త గురించి మాట్లాడకపోవడమే మేలు.

వచ్చినవారిని ఏం చేస్తున్నాం?

జ్ఞానస్నానానికి సిద్ధపడే పెద్దలను మొదటిసారి సంఘం ఎదుటికి తెచ్చినప్పుడు గురువు అడిగే ప్రశ్నలు నాకు ప్రాణం. దేవుని శ్రీసభ నుండి ఏమి కోరుతున్నావు? విశ్వాసాన్ని. విశ్వాసం నీకేమి ఇస్తుంది? నిత్యజీవాన్ని. తన గడప దగ్గర శ్రీసభ కూడా మొదట ప్రశ్నే అడుగుతుంది, జవాబు చెప్పేవరకు ఆగుతుంది. ఆ తర్వాత ఇంచుమించు ఏడాది నుంచి రెండేళ్ల సాధన ఉంటుంది.

ఈ మధ్య వస్తున్న యువకుల్లో కొందరి మీద ఒక అనుమానం ఉంది. వీళ్లకు కావలసింది క్రీస్తు కాదని, ముస్లింలకు ఎదురుగా నిలబెట్టుకోవడానికి ఒక జెండా అని. ఈ అనుమానాన్ని నేను కొట్టిపారెయ్యను. తన దేశపు సంస్కృతిని కాపాడుకోవడానికి వచ్చానని మొదటి సమావేశంలోనే అన్న కుర్రవాణ్ణి నేను చూశాను. కానీ ఏ కారణంతో వచ్చినవాణ్ణయినా గడప దగ్గర నిలిపి పరీక్షించడం తప్పు. రెండేళ్ల కాలం ఇచ్చింది అందుకే. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయం చదివి, పరదేశిగా ఉన్నాను నన్ను చేర్చుకున్నారు అన్న వాక్యం దగ్గర ఆగి, ఆ శనివారం వలసదారులకు భోజనం వడ్డించే చోటికి వెళ్లాక, కొందరు మానేస్తారు, కొందరు మారతారు. ఆ కుర్రవాడు ఇంకా వస్తున్నాడు. వడ్డనలో అతని పక్కనున్నది మాలీ నుంచి వచ్చిన పెద్దాయన. వాళ్లు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఇంకా ఏం జరిగిందో నాకు తెలియదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. మా బృందంలోని ఒక విద్యార్థిని తాను గుడికి రావడం మొదలుపెట్టిన రోజుల గురించి చెప్పింది. ఏ మతమూ లేని ఇంట్లో పెరిగి, ఇంటర్నెట్‌లో చదివి, ధైర్యం తెచ్చుకుని వెనక వరుసలో కూర్చునేది. కొన్ని వారాల పాటు ఆమెతో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పూజ అయిపోగానే అందరూ కోట్లు తొడుక్కుని వెళ్లిపోయేవారు. "ఎక్కడ మోకరించాలో తప్పు చేస్తానేమోనని భయపడేదాన్ని, కానీ ఎవరూ నన్ను చూడనేలేదు" అంది. ఎదుటివారి స్వేచ్ఛను గౌరవించడమనే పేరుతో ఇక్కడ మనం చేస్తున్నది ఇది. అడగడానికి వచ్చిన మనిషికి ఎవరిని అడగాలో తెలియకుండా చేస్తున్నాం. మన ఊళ్లలో అయితే కొత్త ముఖం కనిపిస్తే చాలు, పూజ అయ్యేలోగా ఎవరమ్మాయివి, ఏ ఊరు, భోంచేశావా అని పదిమంది చుట్టుముడతారు. అందులో కొంత అతి ఉంది, నాకు తెలుసు. అయినా ఆ అతిలో సగం ఇక్కడికి తీసుకురాగలిగితే చాలు.

జ్ఞానస్నానం తర్వాత సంగతి ఇంకా అధ్వాన్నం. రెండేళ్లు ప్రతి వారం ఎవరో ఒకరు తోడుండి, పాస్కా రాత్రి అందరూ చప్పట్లు కొట్టి, ఆ మర్నాటి నుంచి ఒంటరిగా వదిలేస్తే, ఇంట్లో విశ్వాసం పంచుకునేవారు లేని ఇరవై రెండేళ్ల మనిషి ఎన్నాళ్లు నిలబడుతుంది? మా బృందంలో ఈసారి రెండు పనులు పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం పూజ తర్వాత ఇద్దరు తలుపు దగ్గర ఉండి కొత్తవారిని కాఫీకి పిలవాలి. జ్ఞానస్నానం పొందినవారితో మరో ఏడాదిపాటు నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో భోజనం, సువార్త పఠనం. మొదటి భోజనం మా ఇంట్లోనే, పప్పూ దోసకాయ పచ్చడీ నేను చేస్తున్నాను.

ఇదంతా బాబాయికి ఫోనులో చెబితే, మౌనంగా విని, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న తమ అబ్బాయి రెండేళ్లుగా పూజకు వెళ్లడం లేదని, ఎందుకని తాను ఎప్పుడూ అడగలేదని అన్నారు. అడిగితే ఏదైనా ఎదురు ప్రశ్న వేస్తాడేమో, దానికి ఏం చెప్పాలో తెలియదని ఆయన భయం. సోవే నివేదిక గురించి వాడు అడగవచ్చని నేనన్నాను. అందులో ఏముందో తెలుగులో రాసి పంపమన్నారు. ఈ వారాంతంలో రాస్తున్నాను.